ఏటి ఒడ్డున ఒక దాచా

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, మనకు తెలియని సంగతి ఎదుటివాళ్ళకు తెలియకుండా చూసుకుంటే చాలు, ఉద్యోగం దానంతట అదే నడిచిపోతుందని. రెండోది, నాకు తెలుగు వచ్చని. మొదటి నమ్మకం మీద ఇప్పటికీ ఎన్నో ఆఫీసులు చల్లగా నడుస్తున్నాయి గనక దాని జోలికి పోను. రెండోది ఎలా బద్దలైందో, బద్దలై మళ్ళీ ఎలా అతుక్కుందో చెప్తాను. దానికి మీరు నాతోపాటు కాస్త రష్యా దాకా రావాలి. కంగారు పడకండి, నేనూ వెళ్ళలేదు.

మాది మద్రాసులో వాషర్‌మెన్‌పేట్. మా అవ్వ మాత్రం ఆ ఇంగ్లీషు పేరు ఎన్నడూ పలికేది కాదు, చాకలిపేట అనేది. కుంపిణీ దొరల కాలంలో బట్టలు ఉతికి చలవ చేసే పని మీద నెల్లూరు వైపు నుంచి వచ్చి, తిరిగి వెళ్ళడం మరిచిపోయిన మనుషులు మా పెద్దలు. అప్పట్నుంచీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు అన్నానని మీరు ఏదేదో ఊహించుకునేరు. “పాపా, కొంజెం ఆ చెంబు ఎత్తుకోని ఈడ రామ్మే” అనే తెలుగు అది. చదవడం, రాయడం అవ్వే నేర్పింది. అవ్వ కార్పొరేషన్ బళ్ళో తెలుగులో అయిదో క్లాసు దాకా చదివిన మనిషి. ఆ అయిదో క్లాసును జీవితాంతం కొంగున ముడేసుకుని కాపాడుకుంది. (అవ్వ ఏ వస్తువునైనా అలాగే కాపాడేది. కళ్ళజోడు బియ్యం డ్రమ్ములో, మందు మాత్రలు పసుపు డబ్బాలో, మురుకులు చీరెల మడతల్లో. తీరా కావలసి వచ్చేసరికి ఎక్కడ పెట్టిందో తనకే గుర్తుండేది కాదు. “యాడనో బద్రంగా దాచిపెట్టినా పాపా” అనేది. బద్రం అన్న మాట వినపడితే చాలు, మా ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమనేది.)

నా మొదటి ఉద్యోగం షోళింగనల్లూరులో. ఊరికి ఆ చివర మేము, ఈ చివర ఆఫీసు. మధ్యలో ఆఫీసు క్యాబులో నేను పోయిన నిద్రంతా కలిపితే ఒక చిన్న పంచవర్ష ప్రణాళిక అవుతుంది. విదేశాల వాళ్ళ వెబ్‌సైట్లు, ఆడియోలు మన భాషల్లోకి మార్చి ఇచ్చే కంపెనీ అది. ఇంటర్వ్యూలో “తెలుగు ఎలా ఉంటుంది?” అని అడిగితే, “మదర్ టంగ్ సార్” అన్నాను. అడిగినాయనకు తెలుగు రాదు, చెప్పిన నాకు ఎంత వచ్చో నాకే తెలియదు, కాబట్టి ఇద్దరమూ తృప్తిపడ్డాం. ఆరు నెలలు పని చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. చేయకపోతే నా గతి ఏమిటో ఇంట్లో ముందే తేలిపోయింది. మా మామకు స్టీలు పాత్రల కొట్టుంది. అందులో గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను ముందు ఒక స్టూలు నా కోసం తుడిచి పెట్టి ఉంచాడు. “ఏసీ రూము లేకపోతే ఏమి పాపా, నువ్వు రాసింది నూరేళ్ళు చెరగదు గదా” అని ఊరడింపు కూడా. మామ మంచివాడే. ఆ స్టూలంటేనే నాకు భయం.

మా మేనేజరును అందరం చాటుగా సరిపార్ సార్ అనేవాళ్ళం. తమిళంలో ‘సరిపార్’ అంటే సరిచూడు అని. ఆయన చేతికి ఏమిచ్చినా ముందు “సరిపార్మా” అనేవాడు. కాఫీ ఇచ్చినా అంతే. ఇక తెలుగు విభాగం అంటే ఇద్దరమే. నేనూ, గోదావరి గారూ. ఆయనది రాజమండ్రి. నోరు తెరిస్తే ‘అండీ’, గొంతు విప్పితే కంచు గంట. నేను రాసింది దిద్దేదీ ఆయనే, మైకు ముందు చదివేదీ ఆయనే. నేను అలవాటు కొద్దీ ‘ఆడ’ అని రాసేస్తే, “ఆడా, మగా కాదండీ, అక్కడ అనాలండీ” అని నవ్వుతూ దిద్దేవారు. ఆయన ఉన్నంతకాలం నా తెలుగు బండి బాగానే నడిచింది. కానీ ఆ ఏప్రిల్లో ఆయన చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళి, ఊరేగింపులో బ్యాండు మేళం ముందు ఉత్సాహం ఎక్కువై కాలు విరగ్గొట్టుకున్నారు. మంచం దిగడానికి నెలలు పడుతుందని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే రష్యా పని వచ్చిపడింది.

అక్కడ ఒక నది. ఆ నది వంపులో చిన్న ఊరు. వేసవిలో పట్నం జనం వచ్చి విశ్రాంతి తీసుకునే ఊరు. ఆ ఊళ్ళో ఒక పాత కొయ్య ఇంటిని మ్యూజియంగా మార్చి నడుపుతున్న ఆవిడ ఒకరున్నారు. పక్క పట్నంలో వైద్యం చదువుకునే మన దేశపు పిల్లలు వందలకొద్దీ ఉన్నారట, వాళ్ళలో తమిళులూ తెలుగువాళ్ళూ బోలెడుమందట. సెలవురోజుల్లో వాళ్ళు తన ఊరికి వచ్చి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, ఆ ఊరి చరిత్ర వింటూ ఏటి గట్టున నడవాలని ఆవిడ కోరిక. చరిత్ర ఇంగ్లీషులో రాసి పంపారు. వేసవి మొదలయ్యేలోపు ఇవ్వాలన్నారు. సరిపార్ సార్ నన్ను పిలిచి, “గోదావరి ఇల్లె. నీదాన్ తెలుగు” అన్నాడు. గోదావరి లేడు, ఇక తెలుగంటే నువ్వే అని. నాకు కిరీటం పెట్టినట్టూ ఉంది, మెడ మీద కత్తి పెట్టినట్టూ ఉంది.

ఆ ఊరి పేరు పలకబోతే నాలుక మడత పడేది. అందుకని ఇంట్లో అవ్వే దానికి పేరు పెట్టింది. “ఏటి పక్కన ఉండాది గదా, ఏటిపేట అను. సైదాపేట, తేనాంపేట, మన చాకలిపేట, ఆడొక ఏటిపేట. పేట్లకేం కరువు?” అంది. రోజూ సాయంత్రం క్యాబు దిగి ఇంటికి రాగానే ఆ రోజు రాసిన ముక్క అవ్వకు చదివి వినిపించేదాన్ని. (గోదావరి గారి స్థానంలో అవ్వను నియమించుకున్నానన్న మాట. ఆఫీసుకు తెలియదు.) మొదట ఆ వంపులో చేపలవాళ్ళ గుడిసెలు నాలుగు, దాటించడానికి ఒక పడవ ఉండేవట. తరవాత ఒక జమీందారు వచ్చి, అద్దాల వరండాతో పెద్ద కొయ్య ఇల్లు కట్టించాడట. ఆ పైన రైలు వచ్చింది. రైలుతో పాటు పట్నం నుంచి గుమాస్తాలూ, డాక్టర్లూ, సంగీతం మాస్టర్లూ వేసవికి రావడం మొదలుపెట్టారు. చేపలవాళ్ళు తమ గుడిసెలు వాళ్ళకు అద్దెకిచ్చి, ఆ మూడు నెలలూ వెనక కొట్టంలో కాపురముండేవాళ్ళట.

“ఎండలకు తాళలేక పోయేది గదా?” అని అడిగింది అవ్వ. కాదు అవ్వా, ఎండ కోసమే పోతారు అన్నాను. అవ్వ విసనకర్ర ఆపేసింది. బయట మద్రాసు ఏప్రిల్ తారు రోడ్డును హల్వా చేస్తోంది. ఆ రోజే నేను ‘అందరూ ఏడాదంతా ఎదురుచూసే మధురమైన వేసవి’ అని అనువాదం చేసి, నేనే నమ్మలేక రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. అవ్వ “ఎండ కోసరం ఏడ్చేవాళ్ళు గూడా ఉండారా పాపా? ఈడ ఊరకనే ఉండాదే, వచ్చి ఎంత కావాలో ఎత్తుకోని పొమ్మను” అంది.

తరవాత విప్లవం వచ్చిందని, ఆ పెద్ద పెద్ద ఇళ్ళన్నీ గదులుగా పంచి, గదికొక కుటుంబాన్ని పెట్టారని చదివాను. అవ్వకు వెంటనే అర్థమైంది. “మన కాంపౌండు మాదిరి. కొళాయి ఒకటేనా?” ఒకటే అయ్యుంటుంది అన్నాను. “అయితే పొద్దన్నే కొట్లాటే. అది గూడా రాయి” అంది. (రాయలేదు. రాసుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.) యుద్ధం, ఆకలి, ఆ తరవాత చిన్న చిన్న తోట ముక్కలు, పాత తలుపులూ పాత కిటికీలూ ఏరుకొచ్చి కట్టుకున్న బుల్లి ఇళ్ళు, బంగాళాదుంపలు, దోసకాయలు. ఇన్ని వచ్చినా అవ్వ మనసు ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. వేసవికి వచ్చేవాళ్ళ దుప్పట్లూ బట్టలూ ఆ ఊరి ఆడవాళ్ళే ఉతికేవారని, చలికాలంలో గడ్డకట్టిన నదిలో గొడ్డలితో గొయ్యి కొట్టి, ఆ నీళ్ళలో జాడించేవారని ఒక్క వాక్యం ఉంది. అవ్వ తన చేతులకేసి చూసుకుంది. ఇంకోసారి చదవమంది. చదివాను.

ఇక అసలు సంగతి. వేసవికి అలా వచ్చి ఉండే ఇంటిని వాళ్ళు ‘దాచా’ అంటారు. ఆ మాటను ఏ భాషలోనూ మార్చవద్దని మ్యూజియం ఆవిడ గట్టిగా రాశారు. ఎలా పలకాలో తన గొంతుతోనే రికార్డు చేసి పంపారు. నేను అది వంద సార్లు విన్నాను. మెత్తటి ‘దా’. పక్క సీటులో తమిళం రాసే అమ్మాయి అవేవీ వినకుండా ఇంగ్లీషు చూసి ‘డాచ్చా’ అని టైపు కొట్టేసింది. నేను జాలిపడ్డాను. ఎంతటి అలక్ష్యం అనుకున్నాను. నేను మాత్రం రష్యా వాళ్ళు ఎలా అంటారో అలాగే, ఒక్క పిసరు తేడా లేకుండా, అచ్చమైన ‘దాచా’ అని రాశాను. ఆ పైన, చెవితో వినేది గనక వాక్యాలు పొట్టిగా ఉండాలని ఎక్కడో విని ఉన్నాను. కాబట్టి చాలా పొట్టి వాక్యాలు రాశాను. ఆ నైపుణ్యం చూసి నాకు నేనే ముచ్చటపడ్డాను.

చదవడం దగ్గర ఇబ్బంది వచ్చింది. మైకు ముందు కూర్చుంటే నాకు ఒత్తులన్నీ గొంతులో అడ్డం పడేవి. ఇంట్లో అవ్వ చేత చదివించి, ఫోనులో రికార్డు చేసుకుని, క్యాబులో వింటూ నేర్చుకుందామనుకున్నాను. నేను ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని పెదవులు కదుపుతుంటే సరిపార్ సార్ చూసి, ఏమిటది అని లాక్కుని విన్నాడు. అవ్వ గొంతు. వెనకాల మా ఇంటి కుక్కరు మూడు ఈలలు. అవి కూడా పూర్తిగా విని, “ఇదుదాన్ వాయిస్!” అన్నాడు, ఇదే మనకు కావలసిన గొంతు అని. చరిత్ర ముసలివాళ్ళు చెప్తేనే చరిత్ర అట, మనం చెప్తే పరీక్ష జవాబట. పాట్టిని, అంటే అవ్వను, తీసుకురా అని హుకుం.

అలా మా అవ్వ జరీ చీరె కట్టుకుని, షోళింగనల్లూరు వచ్చింది. గేటు దగ్గర ఫోటో తీసి, పేరు రాసి, మెడలో విజిటర్ కార్డు వేశారు. అవ్వ దాన్ని రెండు చేతులా పట్టుకుని అద్దంలో చూసుకున్నట్టు చూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక తన పేరు ఎవరూ అలా అచ్చు వేసి మెడలో వేయలేదు. ఏసీకి వణుకుతుంటే ఎవరిదో స్వెట్టరు తొడిగాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద డిప్పలు తగిలించారు. “ఎవురితో మాట్లాడేది పాపా? ఎవురూ కనపడరే” అంది. ఏటిపేటకు వచ్చిన పిల్లలు వింటారు అవ్వా, వాళ్ళకు చెప్పు అన్నాను. అంతే. అవ్వ గొంతు సవరించుకుని, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకున్నట్టు చదివింది. ఒత్తు ఒక్కటి జారలేదు. కానీ ఆ బట్టలుతికే ఆడవాళ్ళ వాక్యం రాగానే, కాగితం మీంచి తల ఎత్తి, “అయ్యో పాపం, చేతి ఏళ్ళు కొంకర్లు పోవా?” అని, మళ్ళీ తల దించి చదువుకుంటూ పోయింది. అది కాగితంలో లేదు, తీసేయమని నేను సైగ చేశాను. సరిపార్ సార్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. “ఇరుక్కట్టుం. ఫీలింగ్ సూపర్” అన్నాడు. ఉండనీ అని.

సాయంత్రం గేటు దగ్గర విజిటర్ కార్డు తిరిగి ఇమ్మన్నారు. అవ్వ మెడలో లేదు. “ఆడనే ఇచ్చేసినా గదా” అంది అవ్వ, సెక్యూరిటీ ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ. ఆయన బల్ల కింద, కుర్చీ కింద, నా బ్యాగులో, ఆఖరికి క్యాబు సీట్ల కింద కూడా వెతికాడు. దొరకలేదు. ఆ తరవాత చాలా రోజులు నేను ఆ గేటులోంచి తల దించుకుని వెళ్ళాను.

ఆడియో రష్యా చేరింది. ఎండలు ముదిరాయి, తగ్గాయి. నా ఆరు నెలలు నిండవచ్చాయి. ఆ సమయంలో సరిపార్ సార్ ఒకరోజు కేబిన్‌లోకి పిలిచాడు. ముఖం బాగా లేదు. మ్యూజియం ఆవిడ రాశారట: అన్ని భాషల పిల్లలూ బుద్ధిగా విని వెళ్తున్నారు, తెలుగు పిల్లలు మాత్రం నవ్వుతున్నారు. నది ఒడ్డున గడ్డిలో పడి దొర్లుతున్నారు. మరుసటి వారం స్నేహితులను వెంటబెట్టుకుని మళ్ళీ వస్తున్నారు. అడిగితే చెప్పలేక మళ్ళీ నవ్వుతున్నారు. మా ఊరి చరిత్రలో అంత నవ్వదగినది ఏమీ లేదే, దయచేసి ఏం చెప్పారో తెలుపగలరు. “ఎన్నమా సొన్నే?” అన్నాడు సార్. ఏం చెప్పావమ్మా అని. మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ విన్నాను. తప్పు లేదు. ఇంటికెళ్ళి అవ్వకు వినిపించాను. “బాగా దా ఉండాది. నా గొంతు కొంజెం కీచుగా ఉండాది, దానికి నవ్వినారేమో” అంది. ఇద్దరం ఇంకోసారి విన్నాం. ఊహూ. ఆ రాత్రి కల్లో మామ స్టూలు మీద దుమ్ము తుడుస్తూ కనిపించాడు.

మర్నాడు దేవుడు పంపినట్టు గోదావరి గారు చేతికర్రతో ఆఫీసుకు దిగారు. కూర్చోనివ్వకుండానే సార్ ఆయన చెవులకు డిప్పలు తగిలించాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఆయన ముఖమే చూస్తున్నాను. ముందు శ్రద్ధగా విన్నారు. కనుబొమలు ముడిచారు. పైకెత్తారు. తరవాత భుజాలు కదలడం మొదలైంది. కర్ర కింద పడింది. డిప్పలు తీసేసి, కళ్ళు తుడుచుకుని, “ఏవండీ, ఇంత పెద్దావిడ ఇన్ని దొంగతనాలు ఎందుకు చేశారండీ?” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన స్పీకరు పెట్టారు. అవ్వ గొంతు హాయిగా, నింపాదిగా చెప్తోంది: “బర్చ్ చెట్ల వెనక ఒక దాచా. రైలు స్టేషను పక్కన ఇంకొక దాచా. డాక్టరు గారిది ఒక పెద్ద దాచా. సంగీతం మాస్టారిది ఒక చిన్న దాచా. పట్నం నుంచి వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒక దాచా.”

నేను అయోమయంగా ఆయనకేసి చూశాను. “దాచా అంటే దాచాను అనండీ! డాక్టరు గారిది పెద్దది ఒకటి దాచా. మాస్టారిది చిన్నది దాచా. ఎవర్నీ వదల్లేదండీ పాపం!” అన్నారు. అప్పటికీ నాకు వెలగలేదు చూశారూ, అదీ నా దౌర్భాగ్యం. మా ఇంట్లో ఎవరూ దాచా అనరు. చేసినా, తిన్నా, పోయినా, దాచినా. పుట్టినప్పట్నుంచీ అదే. దాచా అన్న మాట నా చెవికి రష్యన్‌గానే వినపడింది తప్ప తెలుగుగా వినపడలేదు. “మరి మీ ఇంట్లో ఏమంటారండీ?” అన్నారాయన. చెప్పాను. ఆయన నవ్వు ఆపేశారు. “అదీ సంగతి” అన్నారు నెమ్మదిగా. ‘డాచా’ అని నిర్లక్ష్యంగా కొట్టిపడేసి ఉంటే ఏ గొడవా లేదు. శ్రద్ధ చూపించి చెడ్డాను.

ఆ రోజు క్యాబులో నాకు నిద్ర పట్టలేదు. ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయం సగమే. మదర్ టంగ్ సార్ అని ఛాతీ విరుచుకుని చెప్పినదాన్ని, ఆ భాషలో ప్రతి చంటిపిల్లా అనే మాట నాకు తెలియకపోవడమేమిటి? మరి ఇన్నాళ్ళూ మేము మాట్లాడుకుంటున్నది ఏమిటి? ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. నేను ఏడుస్తూ చెప్తే అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “దాచా అంటే దాచినా అనా? అదేం తెలుగే! మాటకు తోక కోసేసినారే!” అంది. తరవాత నవ్వుతూనే, “డాక్టరుగారిది పెద్దది దాచినానా నేను? ఏముండాది ఆయన దగ్గిర, సూదేగా” అంది. నాకూ నవ్వొచ్చింది. ఏడుపు నవ్వు కలిసిపోయి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

మర్నాడు గోదావరి గారు దగ్గర కూర్చుని, జరిగింది జరిగినట్టు మ్యూజియం ఆవిడకు రాయించారు. దాచా తీసేసి ‘విడిది’ అని పెడతామని, ఆడియో మళ్ళీ తన గొంతుతో చదివి పంపుతామని కూడా రాయించారు. జవాబు వచ్చేదాకా నేను సరిపార్ సార్ కేబిన్ ముందు నుంచి వెళ్ళకుండా, కాఫీకి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

జవాబు వచ్చిన రోజున సార్ ఇద్దరినీ లోపలికి పిలిచి, గట్టిగా చదివాడు. తెలుగు పిల్లలు కూడా ఎట్టకేలకు ఆవిడకు అర్థం చెప్పారట. ముందు ఆవిడా గడ్డిలో కూర్చుని నవ్వారట. తరవాత నవ్వలేకపోయారట. ఆ కొయ్య ఇల్లు ఆవిడ నాయనమ్మది. ఇళ్ళు గదులుగా పంచినప్పుడు ఆ నాయనమ్మకు తన ఇంట్లోనే ఒక్క గది మిగిలింది. పోతూ పోతూ కూడా ఎవరికీ చెప్పలేదు కానీ, ఆ తరవాత చాలా ఏళ్ళకు వరండా చెక్కలు పుచ్చిపోయి విప్పితే, కింద గోనెలో చుట్టి సమోవర్ దొరికిందట, టీ కాచే ఇత్తడి పాత్ర. మా ఊళ్ళో ప్రతి దాచాలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి దాచారు, నేను చరిత్రలో ఆ సంగతి రాయలేదు, మీ ముసలావిడ చెప్పేసింది, అన్నారు. ఇంకొకటి. మంచులో బట్టలుతికిన ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు ఏదో అంటుందట, ఆ అర్థం కూడా పిల్లలు చెప్పారట. ఇన్ని భాషల్లో మరెవ్వరూ వాళ్ళ కోసం అయ్యో అనలేదు. దయచేసి ఆ మాట మార్చవద్దు. ఆ మనిషిని అసలే మార్చవద్దు.

సార్ చదవడం ఆపి, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచాడు. గోదావరి గారు కిటికీకేసి తిరిగారు. నేను ఎటు చూడాలో తెలియక స్టూలు గురించి ఆలోచించాను. అప్పుడు సార్ నాకేసి చూసి, “సరి పాత్తాచ్చుమా” అన్నాడు. సరిచూడడం అయిపోయిందమ్మా అని. ఆయన నోటి వెంట ఆ మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. పర్మనెంట్ అయ్యానని అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది. ఇంటికెళ్ళి అవ్వకు అంతా చెప్తే అవ్వ అడిగింది ఒక్కటే: “ఆ టీ పాత్రకు చిల్లి పడలేదు గదా?”

ఇప్పుడు తెలుగు దిద్దే సీటు నాది. గోదావరి గారు పదోన్నతి మీద ఊరెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన పిల్లలు ‘ఈడ’ అని రాస్తే ‘ఇక్కడ’ అని దిద్దుతాను, దిద్దే ముందు ఒకసారి పైకి చదువుకుంటాను. వాళ్ళు అదొక పిచ్చి అనుకుంటారు. మ్యూజియం ఆవిడ అప్పుడప్పుడు రాస్తుంటారు. తెలుగు పిల్లలు ఇప్పటికీ వస్తున్నారట. ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి, అవ్వతో పాటు గొంతు కలిపి “దాచా!” అని అరుస్తారట. అమ్మ గుర్తొచ్చిందని, అమ్మమ్మ గుర్తొచ్చిందని ఒకరిద్దరు ఏడుస్తారట కూడా.

అవ్వ పోయి మూడేళ్ళు. పోయాక ఆవిడ చీరెలు పంచుదామని మడతలు విప్పుతుంటే, జరీ చీరె నడుమ, ఒక పాత రవిక గుడ్డలో చుట్టి, విజిటర్ కార్డు దొరికింది. ఫోటోలో అవ్వ కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. అడ్డంగా అబద్ధమాడే ముందు మనిషి అంత అమాయకంగా ఉండగలదని అప్పుడే తెలిసింది. వాళ్ళందరి ముందు దాన్ని ఎక్కడ ఎలా మాయం చేసిందో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఆఫీసుకు తిరిగి ఇచ్చేయడమే న్యాయం. గేటు దగ్గర అదే సెక్యూరిటీ ఆయన, జుట్టు నెరిసింది, నన్ను చూసినప్పుడల్లా “మేడమ్, అంద కార్డు కెడచుదా?” అని నవ్వుతూ అడుగుతాడు. ఆ కార్డు దొరికిందా అని. లేదన్నా అంటాను, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ. మా ఇంటి తెలుగులో చెప్తే ఆయన పసిగట్టినా పట్టేస్తాడు గనక, మీకు గోదావరి గారి తెలుగులో చెప్తాను.

దాచా.